పగలు ఆ ఇంట్లో ఉండేదెవరు?

శనివారం మధ్యాహ్నం కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో ఏదైనా సైట్ ఆఫీసుకు వెళ్లండి. ముందు చల్లటి నీళ్ల సీసా చేతిలో పెడతారు. ఆ తర్వాత అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్తారు. మోకాలెత్తు టవర్లు, స్పాంజి చెట్లు, నీలం రంగు పూసిన స్విమ్మింగ్ పూల్, గేటు ముందు వేలెడంత కార్లు. సేల్స్ కుర్రాడు లేజర్ చుక్కను ఒక అంతస్తు మీద నిలిపి, "సార్, మీ ఫ్లాట్ ఇదే. ఓఆర్‌ఆర్ ఐదు నిమిషాలు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పదిహేను, ఎయిర్‌పోర్ట్ అరగంట" అంటాడు. పక్క ఖాళీ జాగాలో రేపు లేవబోయే నలభై అంతస్తుల టవర్ ఆ పెట్టెలో ఉండదు. ఆ సంగతి మీరు అడిగితే తప్ప ఆయన చెప్పడు.

ఆయన చెప్పిన నిమిషాలన్నీ ఎవరివో గమనించారా? ఆఫీసుకు వెళ్లే మనిషివి, విమానం ఎక్కే మనిషివి. అప్పు తీసుకునేది, సంతకం పెట్టేది కూడా ఆ మనిషే కాబట్టి మాటలన్నీ అతని చుట్టూనే తిరుగుతాయి. కానీ పొద్దున తొమ్మిదికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చేవాడు సొంత ఇంటిని ఎక్కువగా చూసేది లైటు వెలుగులోనే. పగలంతా అందులో ఉండేది అమ్మానాన్న, బడి నుంచి మూడింటికో నాలుగింటికో వచ్చే పిల్లలు, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటి నుంచే ఉద్యోగం చేసే భార్య లేదా భర్త. రెండు పూటలా వచ్చిపోయే పనమ్మాయినీ లెక్కలో వేసుకోవాలి. ఇల్లు ఎంచుకునేటప్పుడు మొదటి ఓటు ఆ నాలుగు గోడల మధ్య ఎక్కువ గంటలు గడిపేవాళ్లది. ఈఎంఐ కట్టేవాళ్లది రెండో ఓటు. మన ఇళ్లలో ఇది సాధారణంగా తారుమారుగా జరుగుతుంది.

నేను మాట్లాడుతున్నది హైదరాబాద్ పడమటి అంచు గురించి. నార్సింగి, కోకాపేట, నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) వచ్చాక పొలాలూ బండరాళ్లూ ఉన్న ఈ ఊళ్లు ఐటీ ఉద్యోగుల కాలనీలయ్యాయి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. భూమికి అంత పెట్టినవాడు దాని మీద కట్టే ఇంటిని చవగ్గా ఇవ్వలేడు. కాబట్టి ఇక్కడ కొనడమంటే చాలామందికి జీవితంలో చేసే అతిపెద్ద ఖర్చు. అయినా ఒక చీర కొనడానికి నాలుగు షాపులు తిరిగే కుటుంబాలు, రెండు కోట్ల ఫ్లాట్‌కు ఒక మధ్యాహ్నంలో టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి వస్తాయి.

సైట్ చూడ్డానికి వెళ్లేముందు, రాత్రి భోజనాలయ్యాక, ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఒక్కొక్కరి మామూలు మంగళవారం రాయండి. ఆదివారం వద్దు, ఆదివారం ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. అమ్మ ఎన్నింటికి లేస్తుంది, గుడికి నడిచి వెళ్లే అలవాటుందా, మధ్యాహ్నం ఎవరితో మాట్లాడుతుంది? నాన్నకు బీపీ మాత్రలు అయిపోతే షాపుకు ఆయనే వెళ్లి తెచ్చుకోగలడా, లేక యాప్‌లో ఆర్డర్ పెట్టడానికి కొడుకు మీటింగ్ అయ్యేదాకా కూర్చోవాలా? పాప డాన్స్ క్లాసుకు ఎవరు తీసుకెళ్తారు? ఇంటి నుంచి పనిచేసే మనిషికి తలుపు వేసుకునే గది ఉందా, లేక కుక్కర్ కూతల మధ్య డైనింగ్ టేబులేనా? ఈ కాగితం మీద రాసినవి చాలా చిన్న సంగతుల్లా కనిపిస్తాయి. బ్రోషర్‌లోని 40,000 చదరపు అడుగుల క్లబ్ హౌస్ వీటిలో ఎన్నింటికి పనికొస్తుందో పక్కన టిక్కు పెట్టి చూడండి.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఖమ్మం నుంచి తల్లిదండ్రులను తెచ్చుకుని ఇరవై ఏడో అంతస్తులో పెట్టుకుంది. తండ్రి రిటైర్డ్ టీచరు. గాలి, వెలుతురు, దూరంగా గండిపేట నీళ్లు, దేనికీ వంక పెట్టలేం. మొదటి నెల ఆయన వచ్చినవాళ్లందరికీ బాల్కనీ చూపించాడు. రెండో నెల నుంచి బాల్కనీ తలుపు తీయడం మానేశాడు. "కిందికి దిగాలంటే చెప్పుల కన్నా ముందు కార్డు వెతుక్కోవాలిరా" అన్నాడు ఒకరోజు కొడుకుతో. ఆ టవర్లో లిఫ్ట్‌కు కార్డు తాకిస్తేనే బటన్ పనిచేస్తుంది. కార్డు మరిచిపోయి కిందికి పోతే పైకి రావడానికి సెక్యూరిటీ అబ్బాయిని బతిమాలుకోవాలి. గేటు దాటితే సర్వీస్ రోడ్డు. దాని పక్కన ఫుట్‌పాత్ కొంతదూరం ఉండి, కంకర కుప్ప దగ్గర మాయమవుతుంది. టీ కొట్టు లేదు, పేపర్ చదువుకునే అరుగు లేదు, రోడ్డు దాటాలంటే భయం. చివరికి ఆ కొడుకు తన ఫ్లాట్‌ను అద్దెకిచ్చి నల్లగండ్లలో ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటుకు మారాడు. అక్కడ స్విమ్మింగ్ పూల్ లేదు. కింద కూరగాయల బండి ఆగుతుంది, వీధి చివర మందుల షాపు, గుడి. ఆయన ఇప్పుడు రోజూ రెండుసార్లు కిందికి దిగుతాడు.

అందరు పెద్దవాళ్లూ ఇలాగే ఉంటారని కాదు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో సాయంత్రం ఆరింటికి పార్కు బెంచీల మీద గుంటూరు, కరీంనగర్, అనంతపురం యాసలన్నీ ఒకేచోట వినిపిస్తాయి. భజన బృందాలు, యోగా, బతుకమ్మ, అన్నీ జరుగుతాయి. అలాంటి తోడు దొరికితే పెద్దవాళ్లకు అంతకన్నా ఏం కావాలి. కానీ అది బిల్డర్ కట్టి ఇచ్చేది కాదు, జనం చేరి మూడు నాలుగేళ్లయ్యాక ఏర్పడేది. సగం ఫ్లాట్లు ఖాళీగా, ఇంకో పావు వంతు ఇంటీరియర్ పనుల డ్రిల్లింగ్ మోతతో ఉన్న కొత్త టవర్లో మొదటి రెండేళ్లు పగలు ఇంట్లో ఉండేవాళ్లకు నరకమే. ఆ మోత ఆఫీసులో ఉన్న మీకు వినపడదు.

ఇక ప్రయాణం. ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీద కొల్లూరు నుంచి నానక్‌రాంగూడకు పావుగంట పడుతుందంటే అది అబద్ధం కాదు. ఆ పావుగంటకు ముందు బేస్‌మెంట్ నుంచి గేటు దాకా, గేటు నుంచి ఇంటర్‌ఛేంజ్ దాకా, తర్వాత టోల్ దగ్గర, దిగాక ఆఫీసు సిగ్నల్ దగ్గర పట్టే టైము మాత్రం ఎవరూ చెప్పరు. మొదట్లో, చివర్లో ఉండే ఈ కొద్ది దూరాలే ఆ పావుగంటను మింగేస్తాయి. కాబట్టి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆ గేటు ముందు మీ కారు ఉండాలి. అక్కడి నుంచి మీ ఆఫీసు పార్కింగ్ దాకా వెళ్లండి. అదే రోజు సాయంత్రం ఆరున్నరకు వెనక్కి రండి. మెట్రో వస్తుందన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. ఈ పక్కన మెట్రో 2019లో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. దాని తర్వాతి దారి కాగితాల మీద ఉంది. రైలు పట్టాలు మీ గేటు ముందుకు వచ్చాక రేటు పెరిగితే పెరగనివ్వండి, రాని రైలుకు ఇప్పుడే టికెట్ డబ్బు కట్టడమెందుకు?

ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. మీకు కారుంది, మీకు పట్టదు. మీ ఇంట్లో కాలేజీకి బండి మీద వెళ్లే పిల్లవాడుంటే వాడికి పడుతుంది. మీ ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్‌కు, వంటావిడకు పడుతుంది. వాళ్లందరిదీ సర్వీస్ రోడ్డే. వానాకాలంలో ఆ రోడ్డును ఒకసారి చూడాలి. ఉస్మాన్‌సాగర్ (గండిపేట) గేట్లు ఎత్తినప్పుడు నార్సింగి, మంచిరేవుల మధ్య సర్వీస్ రోడ్డు మీదికి మూసీ నీళ్లొచ్చి రాకపోకలు ఆపేసిన సందర్భాలున్నాయి. 1908 వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన జలాశయం అది. 1920 నుంచి దాని పని అది చేస్తోంది. మనమే దాని దారికి అడ్డంగా ఊళ్లు కట్టుకున్నాం.

పనిమనిషి సంగతి బ్రోషర్లో ఎక్కడా ఉండదు. ఇంట్లో గొడవల్లో సగం దాని వల్లే వస్తాయి. కమ్యూనిటీ చుట్టుపక్కల ఆవిడ ఉండగలిగే బస్తీ గానీ పాత ఊరు గానీ నడిచేంత దూరంలో ఉందా చూడండి. తెల్లాపూర్, కోకాపేట లాంటి చోట్ల పాత ఊరు ఇంకా మిగిలి ఉంది. దానికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీలకు ఆ లాభం ఉంది. చుట్టూ వంద ఎకరాలు అద్దాల మేడలే ఉంటే, ఆవిడ రెండు షేర్ ఆటోలు మారి రావాలి. వాన పడ్డ రోజు రాదు. రాలేకపోవడం ఆవిడ తప్పు కాదు. ఆ రోజు గిన్నెలు ఎవరు తోముతారన్నది మీ కాగితం మీద మంగళవారం పేజీలో ఉండాల్సిన ప్రశ్న.

నీళ్ల గురించి మే నెలలో అడగాలి. జూన్ దాటాక అడిగితే అందరూ "సమస్యే లేదు" అంటారు. జలమండలి కనెక్షన్ ఉందా, ఉంటే రోజుకు ఎంత వస్తుంది, మిగిలింది బోరా, ట్యాంకరా? ఈ ప్రశ్న సేల్స్ ఆఫీసులో వేయకండి. పక్కన ఐదేళ్ల కిందట జనం చేరిన కమ్యూనిటీ ఉంటుంది కదా, దాని గేటు దగ్గర పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నిలబడితే ఎన్ని ట్యాంకర్లు లోపలికి పోతున్నాయో మీకే తెలుస్తుంది. భూగర్భ జలం పక్కపక్క ప్రాజెక్టులకు వేర్వేరుగా ఉండదు.

వాస్తు మీద నాకు పేచీ లేదు. అయితే ఈస్ట్ ఫేసింగ్ అని అదనంగా లక్షలు పోసేముందు ఒక్క సంగతి చూసుకోండి. అపార్ట్‌మెంటులో ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పున ఉంటుంది. ఆ గుమ్మం తెరుచుకునేది కారిడార్‌లోకి. బాల్కనీ చాలాసార్లు దానికి ఎదురు దిక్కున, అంటే పడమట పడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం నాలుగింటికి హాల్లో ఎండ సోఫా దాకా వస్తుంది. ఏసీ బిల్లు వాస్తు చూడదు. ఆ టైములో ఆ గదిలో ఉండేది ఎవరో మళ్లీ చెప్పనక్కర్లేదు. కొనబోయే ఫ్లాట్‌లో, అది పూర్తి కాకపోతే అదే వరుసలో ఉన్న మరో ఫ్లాట్‌లో, సాయంత్రం ఎండలో అరగంట కూర్చుని రండి. కొల్లూరు, పటాన్‌చెరు వైపు చూస్తుంటే రాత్రి పదకొండు తర్వాత కూడా ఒకసారి వెళ్లి కారు అద్దాలు దించండి. ఆ పక్క పారిశ్రామికవాడ ఉంది. గాలి ఎటు తిరిగితే వాసన అటు వస్తుంది.

డబ్బు దగ్గరికొద్దాం. 2,200 చదరపు అడుగుల ఫ్లాట్, అడుగు 9,000 అన్నారనుకోండి. కోటీ 98 లక్షలు. ఆ 2,200 లో గోడలు, లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్ హౌస్ వాటా అన్నీ కలిసి ఉంటాయి. మీరు చాప పరుచుకుని పడుకోగలిగే కార్పెట్ ఏరియా 1,500 దగ్గర తేలుతుంది. ఆ లెక్కన అడుగు 13,200 పడ్డట్టు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియాను చెప్పి తీరాలంటుంది, కాబట్టి దాన్నే అడగండి, రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు దానితోనే పోల్చండి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం. కడుతున్న ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ లేదు. రెండు కోట్ల మీద ఈ రెండూ కలిపితేనే పాతిక లక్షలు. దీనికి ఫ్లోర్ రైజ్, కార్నర్, రెండో పార్కింగ్, కార్పస్ ఫండ్, ఇంటీరియర్స్ తోడవుతాయి. అప్పు విషయానికొస్తే, కోటి రూపాయలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 86,800. మొత్తం కట్టేది 2 కోట్ల 8 లక్షలు.

ఈఎంఐ లెక్క అందరూ వేస్తారు. మెయింటెనెన్స్ లెక్క ఎవరూ వేయరు. అడుగుకు నాలుగున్నర రూపాయలైనా 2,200 అడుగులకు నెలకు 9,900. నెలకు 7,500 దాటితే పెద్ద కమ్యూనిటీల్లో దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడొచ్చు. ఈఎంఐ ఇరవై ఏళ్లకు తీరిపోతుంది, ఇది మీరు రిటైరయ్యాక కూడా వస్తుంది. ఏటా పెరుగుతుంది కూడా. జనరేటర్లు, లిఫ్టులు, మురుగు శుద్ధి ప్లాంటు పాతబడే కొద్దీ ఖర్చు తగ్గదు. పింఛను లేని ఉద్యోగం చేస్తున్న ఇద్దరు అరవై ఏళ్ల తర్వాత ఈ మొత్తం ఎక్కడి నుంచి కడతారో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ప్రీ లాంచ్ ఆఫర్ల గురించి నా మాట చిన్నది: వద్దు. రెరా నంబరు రాకముందు అమ్మకానికి ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. అడుగుకు రెండు వేలు తక్కువ అనే చోట, మొత్తం డబ్బు ముందే అడిగే చోట, ఇల్లు లేకుండా భూమిలో వాటా మాత్రమే రాసిస్తామనే చోట కూర్చోవద్దు. బంధువు చెప్పాడని, అదే ఊరివాడని, కులంవాడని డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు ఈ నగరంలో చాలామంది. రెరా నంబరు ఉంటే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు ప్లాన్లు, పూర్తి చేయాల్సిన తేదీ చూడొచ్చు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాల్సింది బిల్డరే.

లేక్ వ్యూ అన్నచోట మాత్రం కాస్త ఆగాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత) నుంచి ముప్పై మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకైతే తొమ్మిది మీటర్లు ఖాళీగా వదలాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు టీవీల పుణ్యమా అని ఇంటింటికీ తెలిశాయి. చెరువు ఎండిపోయి గడ్డి మొలిచినా ఎఫ్‌టీఎల్ గీత చెరగదు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో సర్వే నంబరు పెట్టి చూడండి. గండిపేట, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాల మీద కట్టడాలను అదుపు చేసే 1996 నాటి 111 జీవో ఉంది. ఆ ఊళ్లలో ఎవరైనా "అది ఎత్తేశారు సార్" అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి చూసే లాయర్‌ను మీరే పెట్టుకోండి. బిల్డర్ చూపించిన లాయర్, బ్యాంకు లాయర్ ఇద్దరూ వాళ్లవాళ్ల పని చేస్తారు, మీ పని కాదు.

ఇంత చదివాక కూడా తేల్చుకోలేకపోతే, తేలికైన దారి ఒకటుంది. మీకు నచ్చిన కమ్యూనిటీలోనే, వీలైతే అదే టవర్లో, ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఈ ప్రాంతంలో అద్దె ఈఎంఐలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక దసరా అక్కడే గడిపితే లిఫ్టులు ఎన్నిసార్లు ఆగాయో, అసోసియేషన్ మీటింగుల్లో అరుపులు ఏ విషయం మీదో, స్కూల్ బస్సు పాపను ఎన్నింటికి ఎక్కించుకుంటోందో అన్నీ తెలిసిపోతాయి. "అద్దె దండగ" అని మామగారు అంటారు. పన్నెండు నెలల అద్దె ఎక్కువా, తప్పు ఇంటిని అమ్ముకోలేక మోయడం ఎక్కువా అన్న లెక్క ఆయన ముందే వేసి చూపించండి. ఈ ఏడాదిలో రేటు పెరిగిపోతుందనే భయం ఉంటుంది. పెరగొచ్చు. ఆ పెరుగుదలను మీరు అమ్మినప్పుడు తప్ప తినలేరు. ఉండటానికి కొనే ఇల్లు అమ్మడానికి కాదు కదా.

ఆ అద్దె ఏడాది చివర భార్యాభర్తలకు వేర్వేరు ఇళ్లు నచ్చాయనుకోండి, తరచూ అలాగే జరుగుతుంది. అప్పుడు మళ్లీ ఆ మంగళవారం కాగితాలు బయటికి తీసి, ఎవరి పేజీలో ఏ ఇల్లు ఎన్ని గంటలు మిగులుస్తుందో చూడండి. ఎనిమిదేళ్ల పాప పేజీని కూడా లెక్కలో వేయండి. ఆమెకు బస్సులో రోజుకు గంటన్నర పోతోందంటే అది మీ టోల్ ఖర్చు కన్నా పెద్ద సంగతి.

చివరగా, సేల్స్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. "ఈ ఆదివారం దాకానే సార్ ఈ రేటు, సోమవారం నుంచి అడుగుకు మూడొందలు పెరుగుతుంది." మర్యాదగా, "రెరా నంబరు, కార్పెట్ ఏరియా, కాస్ట్ షీటు వాట్సాప్ చేయండి, మా అమ్మగారు ఈ వారం ఊరి నుంచి వస్తున్నారు, ఆవిడ చూడాలి" అనండి. ఆవిడ్ని తీసుకెళ్లేటప్పుడు కారు లోపలికి పోనివ్వకండి. గేటు బయటే దింపి, బస్టాపు దాకా, పాల బూత్ దాకా, గుడి దాకా ఆవిడతో నడిచి వెళ్లండి.